గుర్రపుశాలలో చోప్ చేసిన చోటు

వైటూకే పుణ్యమా అని సింగపూర్‌లో మేనేజరైన జనార్ధనరావుకి పాతవంటే రోత. కంపెనీ విందు పాతకాలపు దొర బంగళాలో పెట్టారు. భోజనాలయ్యాక భార్య వసుంధర పోరు పడలేక, ఆమెతో వెనకున్న గుర్రపుశాలకి గొణుక్కుంటూ వెళ్లాడు.

"గుర్రాలెప్పుడో చచ్చాయి. ఈ లద్దికంపు చూడ్డానికి టూరొకటి!"

చివరి గదిలో గడ్డి వేసే గాడి గట్టు మీద టిష్యూ ప్యాకెట్ కనబడింది, తిండికొట్లుండే హాకర్ సెంటర్లో సీటు తమదని జనం పెట్టుకునేలాంటిది.

"ఓహో, గుర్రంగారు సీటు చోప్ చేసి పెట్టుకున్నారు కాబోలు!"

"తియ్యకండీ. ఎవరి చోటో ఏమో."

"నీ మొహం!" ప్యాకెట్ విసిరేసి, గట్టు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

రాతి నేల మీద గిట్టల చప్పుడు నింపాదిగా వచ్చింది. నడవలో ఎవరూ లేరు. గుమ్మంలో ఉన్న వసుంధర, దారిస్తున్నట్టు పక్కకి జరిగింది. చప్పుడు లోపలికొచ్చి అతని ముందు ఆగింది. వెచ్చటి ఊపిరి మొహానికి తగిలింది.

వసుంధర అతని తలకి బాగా పైకి చూస్తూ చేతులు జోడించింది.

"సారీ అండీ. మావారికి తెలీదు. ఇప్పుడే లేస్తారు."

జనార్ధనరావు లేవబోయాడు. నేల మీదున్న పాదం కదల్లేదు. దాని మీద అప్పటికే మరో కాలు ఉంది, గిట్టతో సహా.