పొద్దున ఎనిమిదింటి రక్తం

“చెయ్యి అలా లాక్కుంటే ఎలాగమ్మా? నరం దొరకొద్దూ?” అంది ల్యాబ్‌లో రక్తం తీసే అమ్మాయి.

తల్లి కళ్ళు గట్టిగా మూసుకుంది. సూది పేరెత్తితేనే ఆమెకు గుండె జారిపోతుంది. ఇంత వయసొచ్చినా తన ఒంటికి ఒక్క పరీక్ష చేయించుకున్న పాపాన పోలేదు. వెతికితే లేని రోగాలు బయటపడతాయని భయం. కానీ ఇది కూతురి కోసం. “మొన్న మనల్ని చూసిన డాక్టరమ్మకు నా మీద అనుమానంగా ఉందట. ఏదో హార్మోను తగ్గిందట. తల్లి రక్తం కూడా చూడాలట” అని కూతురు అనగానే, మారు మాట లేకుండా చెయ్యి చాపేసింది.

“సరిగ్గా ఎనిమిదింటికే తీయాలా అమ్మాయీ?”

“అవునమ్మా. కార్టిసాల్ అని, ఒంట్లో ఊరే స్టిరాయిడ్. అది పొద్దునపూట ఎక్కువుండాలి. అప్పుడే తక్కువుంటే తేడా ఉన్నట్టు.”

‘తేడా’ అన్న మాటకే తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి. లేవబోతే కళ్ళు తిరిగాయి. కూతురు గభాలున పట్టుకుంది.

“చూశావా, లేస్తే తూలిపోతున్నావు!”

“నా గోల ఎందుకే? నీ బెంగతో ముద్ద దిగట్లేదు, అంతే. నీ మొహం చూసుకో, ఎలా పీక్కుపోయిందో.”

“నిన్ననే కదా, లావెక్కానని తిట్టావు!”

“అది వాపేమోనే!”

రక్తం తీసే అమ్మాయి నవ్వాపుకోలేక అటు తిరిగింది.

“ఇంతకీ నీది తీశారా?”

“నువ్వు కళ్ళు మూసుకున్నప్పుడే అయిపోయిందిలే.”

సాయంత్రం డాక్టరమ్మ రిపోర్టు చూసింది. “ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు.”

తల్లి బల్ల అంచు పట్టుకుంది. “బతుకుతుందా డాక్టరమ్మా?”

డాక్టరమ్మ ఒకసారి కూతురి వంక చూసింది. “నిక్షేపంలా! ఒంట్లో ఊరనిదాన్ని మాత్రల్లో ఇస్తాం. నెల తిరిగేసరికి ఆకలేస్తుంది, ఓపికొస్తుంది. కానీ ఒక్క పూట మానినా ప్రమాదమే.”

తల్లికి పోయిన ప్రాణం లేచొచ్చింది. కళ్ళు తుడుచుకుని కూతురి నెత్తిన చెయ్యి పెట్టింది.

“నీ మీద ఒట్టే. ఒక్క పూట తప్పనివ్వను. మొరాయిస్తే ముక్కు మూసైనా మింగిస్తాను.”

“మాట తప్పవుగా?”

“నీ మీద ఒట్టేసి తప్పుతానటే, పిచ్చిదానా!”

కూతురు ఆ చేతిని తీసి తన రెండు చేతుల మధ్య గట్టిగా పట్టుకుంది.

“మాత్రలు నీకేనమ్మా.”