మంద ఇల్లు చేరేదాకా

"నీ కొడుకు ఏడున్నడో నీకు ఎర్కనా, లేదా?"

మిలటరీ కెప్టెన్ హిందీలో అడిగినదాన్ని పట్వారీ బుచ్చయ్య తెలుగు చేసి అడిగాడు.

గుర్వమ్మ కొంగు సవరించుకుంది. "ఎర్కనే."

"ఏడ?"

"చెప్ప."

లాఠీ వీపు మీద పడింది. గుర్వమ్మ కూలబడింది. పొద్దు వాలేదాకా కొట్టి వదిలేశారు.

ఆమె కొడుకు బీరన్న సంఘం దళంలో మనిషి. దొరను గడి నుంచి తరిమి, ఆయన గుంజుకున్న భూమిని నలభై ఇళ్లకు పంచినవాడు. దొర పట్నం పారిపోయాడు. ఇప్పుడు పోలీసు యాక్షన్ అయింది. రజాకార్లు పోయారు. హుజూర్‌నగర్ వైపు నుంచి మిలటరీ వచ్చి ఊరి బయట డేరాలు వేసింది. చేలల్లో జొన్న పొట్ట మీదుంది. దొర రావడానికి, పంట కోయించుకోవడానికి ఇక అడ్డమేమీ లేదు.

అయినా దొర రాలేదు. "బీరిగాని శవం చూపియ్యుండ్రి, అప్పుడొస్త" అని కబురు పంపాడు. ఆయన రానిదే ఆయన మనుషులెవరూ చేలల్లో కాలు పెట్టడానికి ఒప్పుకోలేదు.

ఊళ్లో కథలు పుట్టాయి. బీరన్నకు తూటా తగలదట. ఒకే పొద్దు రెండూళ్లలో కనిపించాడట. గొర్లకాపరులైతే అతనికి పెద్దులు పూనాడన్నారు.

గుర్వమ్మ చేను గట్టున పెద్దులు రాయి ఉంది. కత్తి పట్టిన మనిషిని, వెనక ఆవుల మందను చెక్కిన పాత వీరగల్లు. ఆ వానాకాలమే గుర్వమ్మ దాని ముందు రాళ్లు పేర్చి గద్దె కట్టింది. కాకతీయుల నాడు గొల్ల పెద్దులు ఆలదొంగలకు ఒక్కడే అడ్డం పడ్డాడట. తల తెగిపడ్డా, మంద ఇల్లు చేరేదాకా మొండెం నిలబడి కత్తి తిప్పిందట. కడపటి ఆవు దొడ్లోకి వచ్చాకే కూలిందట.

వారానికోసారి గుర్వమ్మ జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు మూటగట్టుకొని ఆ గట్టు వైపు పోయేది. ఖాళీ బట్టతో తిరిగొచ్చేది. ఎవరైనా ఆపి అడిగితే, "అంత చూస్తనే ఉన్నడు. కోతకు ఎవడడ్డమొస్తడో చూస్తడట" అనేది. ఆ మాట పొద్దుగూకేసరికి డేరాలకు, తెల్లారేసరికి పట్నానికి చేరేది.

కోడలు రామమ్మకు మాత్రం కడుపు మండిపోయేది. పెళ్లయి మూడేళ్లు. మొగుడు ఇంట్లో ఉన్నది మూడు నెలలైనా లేదు.

"కన్నతల్లికే మొగం చూపిస్తడా? కట్టుకున్నదాన్ని, నేనేం పాపం చేసిన అత్తా?"

"జర ఓర్చుకో బిడ్డా. పంట ఇంటికి రానీ."

"ఏమన్న చాడీలు చెప్పినవా నా మీద? నా మొగుణ్ని నాకు కాకుండ జేస్తున్నవు!"

గుర్వమ్మ కోడలి మొహంలోకి చూడలేక తలుపు చాటుకు పోయేది.

ఒకనాడు కెప్టెన్ రామమ్మను పిలిపించాడు. కొట్టలేదు. మెత్తగా మాట్లాడాడు. బీరన్న లొంగిపోతే ప్రాణానికి తనది పూచీ అన్నాడు. నాలుగేళ్లు జైలు, తర్వాత ఇల్లు.

నాలుగేళ్లేగా అనుకుంది రామమ్మ. అడవిలో కుక్కచావు చచ్చేకంటే మేలనుకుంది.

"మా అత్త పెద్దులు రాయి కాడికి సద్ది తీస్కపోతది" అని చెప్పేసింది.

మూడు పగళ్లు, మూడు రాత్రులు సైనికులు అక్కడ మాటు వేశారు. గద్దె మీద కూర్చుని బీడీలు కాల్చారు, రొట్టెలు తిన్నారు. బీరన్న జాడ లేదు. నాలుగోనాడు మూటతో వచ్చిన గుర్వమ్మ దొరికింది.

"ఎందుకు రాలే వాడు?" కెప్టెన్ బుచ్చయ్య చేత అడిగించాడు.

ఆమె వాళ్లు కూర్చున్న చోటునే చూస్తూ, "మీరు కూసున్నరు గద" అంది.

కెప్టెన్ తుపాకి మడమతో కుడి చెయ్యి విరగ్గొట్టాడు.

ఊరు మాత్రం పొంగిపోయింది. మూడు దినాలు మిలటరీ మధ్యనే తిరిగాడట, గాలై పోయాడట! దొర ప్రయాణం మళ్లీ ఆగింది.

ఆ రాత్రి రామమ్మ అత్త చేతికి పసుపు పట్టు వేస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. "నేనే చెప్పిన అత్తా. బతికుంటే చాలనుకున్న."

"నీ తప్పు లేదు బిడ్డా" అంది గుర్వమ్మ. ఎన్నడూ ఏడవనిది, ఆమె కూడా ఏడ్చింది.

కోతలు మొదలయ్యాయి. నలభై ఇళ్లవాళ్లూ పగలూ రాత్రీ లేకుండా కోసి, కొట్టి, తూర్పారబట్టి గుమ్ములు నింపుకున్నారు. భూమి రేపు ఎవరిదవుతుందో ఎవరికీ తెలియదు. ఆ ఏటి గింజ మాత్రం ఇళ్లలో పడింది. ఆఖరి బండి కూడా దిగింది.

మర్నాడు రామమ్మ తలకు పోసుకుంది. పెట్టెలోంచి పెళ్లిచీర తీసి కట్టుకుంది. నుదుట నిండుగా బొట్టు పెట్టుకుంది.

"పంట ఇంటికొచ్చింది. ఇగ నా మొగుణ్ని చూపియ్యి."

గుర్వమ్మ ఎడమ చేత్తో కోడలి చెయ్యి పట్టుకుని బయలుదేరింది. ఇద్దరూ పెద్దులు రాయి దగ్గర ఆగారు. రామమ్మ కొంగు సర్దుకుంది. నలుదిక్కులా చూసింది. కోసిన చేలల్లో కొయ్యకాళ్లు తప్ప, మనిషి దాక్కునేంత చాటు ఎక్కడా లేదు.

"ఏడి అత్తా?"

గుర్వమ్మ గద్దె పక్కన కూలబడి అంది: "మిలటరీ ఊళ్లెకు రాకముందే, చలిజ్వరంతోటి చేన్లకొచ్చి నా ఒళ్లెనే పాణమిడిసిండు బిడ్డా, ఒక్కదాన్నే గుంత తవ్వి ఈడ పెట్టిన, ఇగ గాజులు తీసెయ్."