కంచె అవతలి గ్యాసు

కరెంటు కేంద్రంలో మేనేజరుగిరీ వెలగబెడుతున్న బావమరిది తన మొహాన ఉమ్మేసినా ఆ రైతుకి ఇంత రోత పుట్టేది కాదు.

“ఆ అంకె రాయకండి మేడమ్, అది మా కంచె అవతలిది,” అంటున్నాడు బావమరిది, చిన్న దీవుల్లో ఏ కరెంటు కేంద్రం ఎంత మీథేన్ గ్యాసు గాల్లోకి వదులుతోందో పోల్చడానికి వచ్చిన అధికారిణితో.

ఆమె మీటరు రైతు పొలంలో కుయ్యోమంటోంది. కేంద్రానికెళ్ళే గ్యాసు పైపు అక్కడే మట్టి కింద లీకై, పైరంతా మాడ్చేసింది. ఆ అంకె కేంద్రం లెక్కకెక్కితేనే పైపు బాగుచేస్తారు.

“పైపు నీదే కదరా!”

“నేల నీది కదా బావా! మిగతా దీవుల్లో పైపు కింద నేల కూడా కేంద్రాల పేరనే ఉంది. అందుకే లీకులు వాళ్ళ ఖాతాలో పడి వెనకబడ్డారు, ఫస్టు మనమే.”

“నేల రైతుదైతే వ్యవసాయం పద్దులో వేస్తాం,” అంటూ అధికారిణి అంకె కొట్టేసింది.

రైతు బావమరిది వైపు తిరిగాడు.

“కేంద్రం కోసం నా నేల మొత్తం తీసుకుని, పైపు వేశాక ఈ అరెకరం ముక్క తిరిగిచ్చావే... మీ అక్క మీద ప్రేమనుకున్నాను. పిలిచి విందు పెట్టాను కదరా!”

“బాగానే తిన్నాను బావా,” అని పళ్ళికిలించాడు బావమరిది.

కేంద్రం కింద పోయింది ఎకరమేనని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకున్నాడు అతను. ఇంటికెళ్ళి భార్యకు లెక్క సరిచేసి చెప్పాడు:

“మీ తమ్ముడు మింగింది ఎకరన్నర.”