పడిపోయే ముల్లు

ఇంజన్ ఆపమని బావమరిది చెయ్యి ఊపాడు. మేస్త్రీ తాళం తిప్పాడు. షెడ్డు నిశ్శబ్దమైంది.

ఆయిల్ ప్రెజర్ చూపే ముల్లు ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ సగం పైన నిలబడింది. వేడెక్కేసరికి మెల్లగా జారి సున్నా పక్కన పడుకుంది. మరికాసేపు అలాగే నడిపితే లోపల ఇనుము ఇనుమును తినేస్తుంది.

“చూశావుగా. ఇందులో నేనొక తప్పు పెట్టాను. అదేమిటో పట్టుకుంటే పని నీది,” అన్నాడు మేస్త్రీ.

కారు రేసులకు వాడే రకం. తిరిగి అమ్ముకుందామని కొన్నానని, ఇంజన్ మొత్తం విప్పి కొత్తగా కట్టానని మేస్త్రీ చెప్పాడు. సొంత బండే గనక భయపడకుండా ఎక్కడ కావాలంటే అక్కడ విప్పుకోమన్నాడు.

బావమరిది పనిచేసిన షెడ్డు మూతపడి చాలాకాలమైంది. పెళ్లాంతో సహా అత్తగారింట్లో ఉంటున్నాడు. అతను కంచం ముందు కూర్చున్న ప్రతిసారీ మామగారు ఎవరికో ఒకరికి ఉద్యోగం వచ్చిన సంగతి చెబుతాడు. తమ్ముణ్ణి షెడ్డులో పెట్టుకోమని అక్క నెలల తరబడి తన మొగుడైన మేస్త్రీ చెవినిల్లు కట్టుకుని పోరింది. మేస్త్రీ ఊ అనలేదు. నిన్న ఉన్నట్టుండి కబురు పెట్టాడు. చుట్టరికం చూసి పని ఇవ్వనని, పరీక్ష పెట్టి ఇస్తానని.

బావమరిది మొదట కారులోని గేజ్‌ను నమ్మలేదు. తాను తెచ్చుకున్న గేజ్‌ను నేరుగా ఇంజన్‌కే బిగించి చూశాడు. అదీ అదే చెప్పింది. ముల్లు అబద్ధమాడటం లేదు. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ దించాడు. జల్లెడ శుభ్రంగా ఉంది. ఆయిల్ తోడే పంపు విప్పాడు. దాని కొత్త వాసన ఇంకా పోలేదు.

“పంపు కొత్తది వేశావు. ఆయిల్ మామూలు కన్నా చిక్కటిది పోశావు. నన్ను దారి తప్పించడానికి బాగానే ఖర్చుపెట్టావు బావా.”

“పరీక్షంటే మరి ఊరికే ఉంటుందా.”

మేస్త్రీ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఏది విప్పినా ఎందుకు విప్పావని అడిగాడు. జవాబు చెబితే, తప్పు అందులో లేదని ఎలా తేల్చావని మళ్లీ అడిగాడు. అవునని గానీ కాదని గానీ అనలేదు. బావమరిదికి చిన్నప్పటి లెక్కల పంతులు గుర్తొచ్చాడు. ఆయన దగ్గర ఎవరూ పాసవ్వలేదు.

బేరింగుల మూతలు ఒక్కొక్కటీ దించి సందు కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

మేడ మీద కాపురం ఉండే అక్క టీ పట్టుకుని కిందికొచ్చింది.

“ఏరా, అంతు చిక్కిందా?”

“నీ మొగుడి బుర్ర అక్కా. అంత తేలిగ్గా చిక్కుతుందా.”

“ఆ బుర్రతో ఇన్నేళ్లు కాపురం చేశాను. అందులో అంత లోతేం లేదు. కానివ్వు.”

మేస్త్రీ విననట్టు టీ తాగాడు.

బావమరిది బిగుతు మూత ఉన్న డబ్బా ఒకటి అడిగాడు. అందులో ఆయిల్ పోసి, కంప్రెసర్ గాలి పట్టించి, గొట్టంతో ఆ ఆయిల్‌ను ఇంజన్ దారుల్లోకి తోశాడు. చాంబర్ లేదు గనక కింది నుంచి అంతా కనబడుతుంది. ఇద్దరూ కారు కింద పడుకుని చూశారు. బేరింగుల దగ్గర ఆయిల్ చుక్కలుగా రాలింది. ముందువైపు, చైనును కప్పే మూత వెనక నుంచి మాత్రం ధార కట్టింది.

“అక్కడ ధార రాకూడదా?” అన్నాడు మేస్త్రీ.

“తెలియకే అడుగుతున్నావా.”

“నువ్వు చెప్పు. నేను వింటాను.”

“ఇంజన్ కట్టేముందు బ్లాకును కడగడానికి ఆయిల్ దారుల చివర బిరడాలు పీకుతాం. కడిగాక మళ్లీ కొట్టాలి. చైను వెనక ఒక బిరడా లేదు. పంపు తోడిందంతా అక్కడే పోతోంది. బయటికి చుక్క కారదు, చాంబర్‌లోకే పడుతుంది. ఆయిల్ చల్లగా, చిక్కగా ఉన్నంతసేపు ఎలాగో నెట్టుకొస్తుంది. పలచబడిందా, ముల్లు పడిపోతుంది.”

మూత విప్పి చూపించాడు. వేలికొన పట్టేంత కన్నం. ఖాళీగా ఉంది. మేస్త్రీ అందులో వేలు పెట్టి చూశాడు. చాలాసేపు తియ్యలేదు.

“నువ్వు కావాలని పీకావు గనక సరిపోయింది,” అన్నాడు బావమరిది నవ్వుతూ. “మరిచిపోయి ఇంజన్ కట్టేసే మేస్త్రీ ఎవడైనా ఉంటే, వాడి చేతికి స్పానర్ కాదు, చీపురివ్వాలి.”

మేస్త్రీ నవ్వలేదు. పాతగుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు. చెయ్యి మంచిదే గానీ నోరు మంచిది కాదన్నాడు. అలాంటి నోటిని కస్టమర్ల ముందు నిలబెట్టలేనన్నాడు.

“పట్టుకుంటే పని ఇస్తానన్నావు బావా.”

“పూటంతా పట్టింది నీకు. నాకైతే గంట పని.”

బావమరిది విప్పిన బోల్టులన్నీ వరసగా పళ్లెంలో పెట్టాడు. చేతులు కడుక్కుని, తన గేజ్ సంచిలో వేసుకున్నాడు. రాత్రి కంచం ముందు మామగారికి ఏం చెప్పాలో ఆలోచిస్తున్నట్టు కాసేపు గుమ్మంలో ఆగి, మెట్ల దగ్గర నిలబడ్డ అక్క వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

అక్క లోపలికొచ్చి, వాడు ఓడిపోయాడా అని అడిగింది. ఓడిపోయాడనే చెప్పాడు మేస్త్రీ. ఆమె ఖాళీ గ్లాసులు తీసుకుంది. ఆమె మెట్లెక్కి పోయేదాకా ఆగి, మేస్త్రీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“సార్, మీ కారు జబ్బేమిటో ఇప్పటికి దొరికింది.”