అద్దమసొంటి రాయి

"ఏం వోయింది బిడ్డా, గట్ల దేవులాడుతున్నవ్?"

వెనక నుంచి మాట వినబడేసరికి సెలీనా ఉలిక్కిపడింది. చేతిలోని సుత్తి జారి రాళ్ల మధ్య ఠంగున పడింది.

నానక్‌రామ్‌గూడ దగ్గర కొత్త రోడ్డు కోసం పగలగొడుతున్న గుట్ట అది. ఆదివారం కాబట్టి పని లేదు. తెల్లవారితే మళ్లీ మందుపెట్టి పేలుస్తారు. ఆ తర్వాత ఆ గుట్టలో ఏమున్నా కంకరే.

కింద ఖాళీ పాలక్యాను పట్టుకుని ఒక పెద్దావిడ నిలబడి ఉంది.

"ఏమీ పోలేదండి. రాళ్ల కోసం వచ్చాను."

"రాళ్ల కోసమా! ఈడ రాళ్లు గాక ఇంకేమున్నయ్?"

సెలీనాకు నవ్వొచ్చింది.

వారమంతా మాదాపూర్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని, రెండువేల సంవత్సరం వస్తే తప్పులు పడే తేదీలను సరిచేయడం ఆమె ఉద్యోగం. ఆదివారం చర్చి అయిపోగానే స్కూటీ మీద గుట్టల వెంట తిరగడం ఆమె సరదా. పలుగురాయి స్ఫటికాలంటే ఆమెకు ప్రాణం. వేలెడంతవి చాలానే దొరికాయి. రెండు చేతులా ఎత్తి పట్టుకునేంతది మాత్రం ఇంతవరకు కంటపడలేదు.

జేబులోంచి చిన్నది ఒకటి తీసి చూపించింది.

పెద్దావిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"గీ అద్దమసొంటి రాయి కోసం ఇంత పరేషానా? అమ్ముతవా వీటిని?"

"అయ్యో, అమ్మనండి. చూసుకుంటాను."

"ఉత్తగ సూస్కుంట కూసుంటవా?"

"అంతేనండి."

పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంటికెళ్లి నలుగురికీ చెప్పి మరీ నవ్వుతుంది అనుకుంది సెలీనా.

కానీ ఆమె వెళ్లలేదు. పాలక్యాను పక్కన పెట్టి, చీర దోపుకుని, గుట్టెక్కింది.

"జర జరుగు. నేను గూడ సూస్త. నా పేరు సత్తెమ్మ."

బండలో ఒక పగులు, పగులు నిండా ఎర్రమట్టి. సెలీనా ఉలితో అంచులు కొడుతుంటే సత్తెమ్మ పుల్లతో మట్టి తోడింది. చేతులు ఆగలేదు, ప్రశ్నలూ ఆగలేదు.

"ఇంట్ల ఏడ వెడ్తవ్ ఇవన్ని?"

"హాస్టల్లో మంచం కిందండి. మా రూమ్మేట్ రోజూ తిడుతుంది."

"తిడ్తే ఏం జేస్తవ్?"

"తిట్టించుకుంటాను."

సత్తెమ్మ ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండానే పగలబడి నవ్వింది.

"మట్టి వోకుంటే దేంతోని కడుగుతవ్?"

"పాత టూత్‌బ్రష్‌తో."

"మంచి ఉపాయమే" అంటూ సత్తెమ్మ పగులులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టింది.

ఉన్నట్టుండి కదలకుండా ఉండిపోయింది. నవ్వు ఆగిపోయింది. కళ్లు మూసుకుంది.

"ఏమైంది పెద్దమ్మా? ఏమన్నా కరిచిందా?"

సత్తెమ్మ మెల్లగా చెయ్యి బయటికి తీసింది. ఖాళీ చెయ్యి.

"లోపట ఏదో తగుల్తున్నది. నా సేతికి వస్తలేదు. నువ్వు వెట్టు."

సెలీనా చెయ్యి పెట్టింది. వేళ్లకు నున్నటి పలక తగిలింది. దాని పక్కనే ఇంకో పలక. మధ్యలో గీసినట్టు అంచు.

ఆమె వేసిన కేకకు బండ మీది కాకులు లేచిపోయాయి.

ఇద్దరూ కలిసి మట్టి తవ్వారు, ఊపారు, లాగారు. చివరికి అది పురిటి బిడ్డలా మట్టితో బయటికొచ్చింది. సీసాలో నీళ్లన్నీ దాని మీదే పోసింది సెలీనా. సత్తెమ్మ కొంగుతో తుడిచింది.

మోచెయ్యంత పొడుగు. ఆరు పలకలు. మొదలు దగ్గర మజ్జిగలా తెలుపు, కొసకు వచ్చేసరికి ఊటనీళ్లంత తేట.

"పెద్దమ్మా! ఎంతుందో చూడండి! పెద్దమ్మా!"

సెలీనా గెంతింది. సత్తెమ్మను వాటేసుకుంది. నవ్వుతూనే ఏడ్చేసింది. సత్తెమ్మ స్ఫటికాన్ని ఒళ్లో పెట్టుకుని, కొసను ఎండకు పట్టి, ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"ఇది మీరే తీసుకోవాలి పెద్దమ్మా. ముందు తగిలింది మీ చేతికే కదా."

సత్తెమ్మ ఆ పిల్ల తడికళ్ల వైపు చూసింది.

"నాకెందుకు బిడ్డా? రోట్లేసి దంచాల్నా దీన్ని?"

తనే దాన్ని తువ్వాలులో చుట్టి, సంచిలో సర్ది, సెలీనా భుజానికి తగిలించింది.

"పైలం. గుంతలల్ల బండి మెల్లగ నడుపు."

ఆ వారమంతా సెలీనా కాళ్లు నేల మీద లేవు. రోజూ తిట్టే రూమ్మేట్ కూడా తన బల్ల ఖాళీ చేసి దానికి చోటిచ్చింది.

మళ్లీ ఆదివారం సెలీనా క్రిస్మస్ కేకు పట్టుకుని ఊళ్లోకి వెళ్లి, సత్తెమ్మ ఇల్లు అడిగి తెలుసుకుంది. గిన్నెలు తోముతున్న అమ్మాయి లేచి వచ్చింది.

"అత్తమ్మ ఇంట్ల లేదక్కా. నేను కోడల్ని, అఖిలను."

"ఎక్కడికెళ్లారు?"

"ఇంకేడికి? రాళ్లకు."

సెలీనాకు అర్థం కాలేదు.

"లోపటికొచ్చి నువ్వే సూడు" అంది అఖిల.

గూళ్లలో, కిటికీ గట్టు మీద, బియ్యం డబ్బాల మీద, ఎటు చూసినా పలుగురాళ్లే. తళతళా కడిగి, చిన్నా పెద్దా వరసలో పేర్చినవి. కిటికీలోంచి ఎండ పడి గోడంతా మెరుస్తోంది. వాటిలో ఒక్కటీ వేలెడు దాటి లేదు.

"పెండ్లయి ఈ ఊరికొచ్చినకాన్నుంచి గిదే పిచ్చంట" అంది అఖిల నవ్వుతూ. "మామ తిట్టిండు, మేం తిడుతున్నం, ఇంటదా? మోచెయ్యంతది ఒక్కటి దొరికితే సాలంటది. పోయిన ఐతారం ఏం జరిగిందో ఏమో, 'ఉన్నదే అఖిలా, గుట్టల గసొంటిది నిజంగనే ఉన్నదే, నా సేత్తోని పట్టి సూసిన' అనుకుంట, అప్పటి సంది పాటలు వాడుకుంట తిరుగుతున్నది."