వైఫై పేరు నోలీన్

మర్రేని పెళ్లాడి నేను ఆస్ట్రేలియాలో, జీలాంగ్‌లోని ఈ ఇంటికొచ్చినా, వైఫై పేరు మాత్రం ఆయన చనిపోయిన మొదటి భార్యదే. ఫోన్లో "నోలీన్" అని కనిపించినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

"ఫుటీ మ్యాచ్ చూస్తుంటే సరిగ్గా గోల్ దగ్గరే ఆగిపోతోంది. ఈ డొక్కు మోడెం, రౌటర్ మార్చేద్దాం," అన్నాను.

"మారుద్దాంలే. పాత పేరూ, పాస్‌వర్డూ అలాగే ఉంచితే టీవీ, ప్రింటర్ వాటంతటవే కలుస్తాయి."

"ఆవిణ్ణి వదల్లేవు కదూ! అసలేమిటా పాస్‌వర్డ్? ఎప్పుడడిగినా చెప్పకుండా నువ్వే కొడతావు!"

మర్రే తల దించుకున్నాడు. "నీ పేరే. రౌటర్ కొన్న రోజు నోలీనే పెట్టింది. 'ఇదైతే నువ్వు మర్చిపోవులే' అంది."

అప్పటికి మర్రే, నేనూ ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లం, అంతే. మాకంటే ముందు ఆవిడకే తెలిసింది.