యవాతో దొంగ

ఎవరో తన దుంగను గొడ్డలితో చీలుస్తున్న చప్పుడు, చేమ మడిలో ఉన్న ఉలయాసి చెవిన పడింది.

అది అలాంటిలాంటి దుంగ కాదు. ఎప్పటి గాలివానకో కూలిన చెట్టు. ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, ఆకులు కప్పి, పసిబిడ్డను కాచినట్టు కాచుకొచ్చాడు. ఇప్పుడు లోపల యవాతోలు బలిశాయి. అరచేతంత పెరిగే మీసాల పురుగుకి పిల్లలవి. వెన్నముద్దల్లా ఉంటాయి. నిప్పుల మీద కాల్చి పెడితే ఆ దీవి కొండల వాళ్ళు పంది మాంసాన్ని కూడా పక్కకు నెట్టేస్తారు.

ఆ యవాతోలు చెల్లెలు కెలెరా కోసం.

చెల్లెలని ఇప్పుడంటున్నాడు గానీ, తన మాట కాదని సముద్రం ఒడ్డు వాణ్ణి కట్టుకున్న రోజున, నువ్వు చచ్చావనుకుంటానని అన్నవాడూ తనే. ఆ తర్వాత ఇంట్లో ఆమె పేరే ఎత్తనివ్వలేదు. పిల్లాపాపా ఉన్నారో లేరో కూడా ఎవర్నీ అడగలేదు. మొన్న సంతకెళ్ళొచ్చినవాళ్ళు ఆమె మంచం పట్టిందని చెబితే మాత్రం, ఆ పూట దుంప నోట పెట్టలేకపోయాడు. ఆమె కన్ను మూసేలోగా మన్నింపు కోరేవాళ్ళు చేతికిచ్చే తిమింగలం పన్నూ, ఆమెకి ప్రాణమైన యవాతోలూ పట్టుకెళ్ళి, తప్పయిందని చెప్పుకోవాలనుకున్నాడు.

అనుకోవడమే. వాన తగ్గనీ అన్నాడు. చేమ తవ్వనీ అన్నాడు. భార్య తోరిక పోరి పోరి నోరు నొప్పెట్టి ఊరుకుంది.

ఇదిగో, ఇప్పుడు ఆ దుంగ మీదే గొడ్డలి పడుతోంది.

చేతిలో తవ్వుకోలతోనే పరుగెత్తాడు ఉలయాసి.

దుంగ దగ్గర ముప్పై ఏళ్ళవాడెవడో ఉన్నాడు. కొత్త మొహం. ఊళ్ళోకి వచ్చే పరాయివాడు టోపీ తీసి చేత పట్టుకోవాలి, దంచి పానీయం చేసుకునే యంగోనా మొక్క వేళ్ళ కట్ట కానుకగా పట్టుకుని ముందు ఊరిపెద్ద గుమ్మంలో కూర్చోవాలి. వీడు ఊరి మొహం చూడకుండా వెనక అడవి దారిన వచ్చినట్టున్నాడు. టోపీ నెత్తినే ఉంది. పక్కనే అరిటాకులో కట్టిపెట్టిన యవాతోల పొట్లం.

అంతలో చీలికలోంచి పెద్ద పురుగొకటి బుసకొడుతూ బయటికొచ్చింది. దాని కోరలకి వేలు దొరికితే ఇంక అంతే సంగతులు. వాడు బెదరలేదు. వెనక నుంచి రెండు వేళ్ళతో నడుం పట్టి ఎత్తి, మోడు మీద మెల్లగా దించాడు.

ఉలయాసికి లోపలెక్కడో కలుక్కుమంది. పురుగుని అలా పట్టే మనిషిని జన్మలో ఒక్కరినే చూశాడు. కానీ కోపం ఆ తలపుని నిలవనిస్తేగా.

"ఎవడ్రా నువ్వు? ఎవరిదనుకున్నావు ఆ దుంగ?"

వాడు తిరిగి చూసి నవ్వాడు. వెతుక్కుంటూ వచ్చిన మనిషి ఎదురైనట్టు నవ్వాడు.

"ఉలయాసిది."

"తెలిసే నరికావన్నమాట."

"తెలిసే. ఇంకొకరిదైతే ముట్టుకునేవాణ్ణి కాదు."

ఎంత పొగరు. కేకలకి చుట్టుపక్కల మడుల్లో వాళ్ళంతా పోగయ్యారు. టోపీ చూసి ఒకరు తిట్టారు, కాళ్ళు విరగ్గొట్టమని ఒకరు సలహా చెప్పారు. పొరుగింటి ఏరోనికి మాత్రం లోపల సంబరంగానే ఉంది.

"నా పందిని తోలుకుపోయినప్పుడు పొట్ట పట్టుకుని నవ్వావు గదా బావా. ఇప్పుడు నీ వంతు."

"నీ పందిని తోలుకుపోయింది నీ మేనల్లుడు. మేనమామ సొమ్ము మీద వాడికి హక్కుంది, వాడు అడగక్కర్లేదు. నువ్వే తాడు కూడా చేతికిచ్చి పంపావు. వీడెవడు, నా సొమ్ము మీద చెయ్యెయ్యడానికి?"

పరాయివాడి మొహంలో నవ్వు ఆరిపోయింది. అయినా కదల్లేదు. ఉలయాసి మొహంలోకే చూస్తూ, ఇప్పుడైనా ఏదో అంటాడన్నట్టు నిలబడ్డాడు.

ఉలయాసి అనలేదు. కొట్టాడు. తవ్వుకోల మణికట్టు మీద పడింది, గొడ్డలి కింద పడింది. పొట్లం లాక్కున్నాడు.

వాడు తిరిగి చెయ్యెత్తలేదు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అయితే సరే. ఆవిడే పొరబడింది," అన్నాడు.

ఆవిడెవరని ఒక్కరూ అడగలేదు. వాగు దాటేదాకా వెనక రాళ్ళు విసిరారు.

ఆ సాయంత్రం తోరిక పొట్లం విప్పి చూసింది. బయటికి తీసిన యవాతో ఎక్కువ నిలవదు. ఇంక వానా లేదు, చేమా లేదు, తెల్లారగానే బయల్దేరమంది. ఎవడో దొంగ వచ్చి నిన్ను గుమ్మం దాటించాల్సి వచ్చిందని దెప్పింది కూడా.

మర్నాడు లారీ ఎక్కి, కొండ దిగి, దారి పొడుగునా అనాల్సిన మాటలు కూడబలుక్కుంటూ వెళ్ళాడు ఉలయాసి. చెల్లెలి ఇంటి ముందు మనుషులు గుమిగూడి ఉన్నారు. లోపల కొత్త చాపలు పరిచారు. గుమ్మంలో ఉన్న ముసలామె, నువ్వెవరని కూడా అడక్కుండా, పొద్దున్నే పోయిందని చెప్పింది.

చాపల మీద కెలెరా. నెరిసిన జుట్టుతో, అమ్మ పోలికే.

ఆమె తల దగ్గర కూర్చున్నవాడి మణికట్టుకి గుడ్డ కట్టి ఉంది.

ఉలయాసి పొట్లం ఒళ్ళో పెట్టుకుని చాప అంచున కూలబడ్డాడు.

"ఒక్క మాట నోరు విప్పి అడగొచ్చు గదరా."

వాడు తల ఎత్తలేదు.

"అడగొద్దంది అమ్మ. అడిగితే పరాయివాడివవుతావు, తిన్నగా వెళ్ళి దుంగ మీద గొడ్డలెయ్యి, చూడగానే మా అన్నయ్యకి తెలిసిపోతుందంది, మావయ్యా."